కార్పెట్ శుభ్రం చేసేవాళ్లని ఎంచుకోవడం: నా అనుభవం

మా ఇంట్లో రెండు కార్పెట్లున్నాయి. ఒకటి పడకగదిలో గోడ నుంచి గోడ దాకా పరిచి బిగించినది. రెండోది హాల్లో సోఫాల మధ్య వేసుకునే ఎరుపు, నీలం పూల కార్పెట్. ఇన్నాళ్లూ రెండింటినీ ఇంట్లో ఉన్న వ్యాక్యూమ్ క్లీనర్‌తోనే నెట్టుకొచ్చాం. ఈమధ్య పడకగదిలో మంచం నుంచి తలుపు దాకా నడిచే దారి బూడిదరంగుకి తిరిగింది. గాలిలో తేమ పెరిగిన రోజుల్లో కిటికీ పక్క మూల నుంచి పిల్లి ఉచ్చ వాసన వస్తోంది. హాల్లో కార్పెట్ మీద మా అబ్బాయి పెన్ను కారి ఇంకు మరకైంది. వీటన్నిటికంటే ముఖ్యంగా మా అత్తగారికి దుమ్ము పడదు. ఆవిడ ఆ గదిలోనే పడుకుంటారు, పొద్దున లేస్తూనే తుమ్ములు, కళ్ల వెంట నీళ్లు. అందుకే ఈ పని తెలిసినవాళ్లని పిలిపించి ఒకసారి బాగా చేయిద్దాం అనుకున్నాం.

ఫోన్లు మొదలుపెట్టే ముందు ఒక పని చేశాను. తర్వాత ఎవరితో మాట్లాడినా అది నాకు పనికొచ్చింది. మా కార్పెట్లు అసలు దేనితో తయారయ్యాయో తెలుసుకున్నాను. ఎక్కడా లేబుల్ లేదు. అందుకని అంచు దగ్గర, బయటికి కనపడని చోట ఒక్క పోగు కత్తిరించి, పట్టకారుతో పట్టుకుని, సింకు మీద ఉంచి అగ్గిపుల్లతో అంటించాను. హాల్లో కార్పెట్ పోగు గబుక్కున అంటుకోలేదు. ముడుచుకుంటూ కాలింది, పుల్ల తీసెయ్యగానే ఆరిపోయింది. వెంట్రుకలు కాలిన వాసన వచ్చింది. మిగిలిన నల్లటి నుసిని వేళ్ల మధ్య నలిపితే పొడి పొడైపోయింది. అంటే అది ఉన్ని. పట్టు కూడా దాదాపు ఇలాగే కాలుతుంది కానీ, చేత్తో తడిమితేనే రెండింటికీ తేడా తెలిసిపోతుంది. పడకగది పోగు మాత్రం కరిగిపోయి, చల్లారాక గట్టి గుండుగా బిగుసుకుంది. అది సింథటిక్. మూడో రకం, విస్కోస్, కాలిస్తే కాగితం కాలిన వాసన వస్తుంది. పట్టు మెరుపుంటుందని చెప్పి అమ్మే కార్పెట్లలో చాలావాటిలో ఉండేది ఇదే. తడిస్తే దీని పోగుకి బలం తగ్గిపోతుంది. ఆరాక పసుపు తిరిగి బిరుసెక్కుతుంది. మీ ఇంట్లో ఉన్నది విస్కోస్ అయితే ఎవరిని పిలవాలన్నది ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి.

తర్వాత హాల్లో కార్పెట్‌ని తిరగేశాను. చేత్తో ముడులు వేసి నేసినదైతే, పైనున్న పూలన్నీ వెనక వైపు కూడా ముడి ముడిగా కనిపిస్తాయి. మాది వెనకంతా గుడ్డ అంటించి ఉంది. దీన్ని టఫ్టెడ్ అంటారు. పోగుల్ని ఒక గుడ్డలోకి గుచ్చి, అవి ఊడి రాకుండా లేటెక్స్ జిగురు పూసి, ఆ జిగురు మీద ఇంకో గుడ్డ అతికిస్తారు. కొన్నప్పుడు షాపులో చేతి నేత అని చెప్పారు, సరే. ఇప్పుడు నాకు కావలసింది ఆ జిగురు సంగతి. అలాంటి కార్పెట్‌ని నీళ్లలో నానబెడితే జిగురు పట్టు వదిలి, వెనక గుడ్డ ఊడొచ్చే ప్రమాదం ఉంది. ముడుల కార్పెట్‌ని నీళ్లలో ముంచి ఉతకడానికి కుదురుతుంది గానీ దీనికి కుదరదు.

ఇక ఫోన్లు. కొందరితో మాట్లాడేసరికి ఒక తీరు స్పష్టంగా కనిపించింది. ఎక్కువమంది మొదట అడిగేది “ఎన్ని గదులండీ?” అని. సంఖ్య చెప్పగానే రేటు చెప్పేస్తారు. కార్పెట్ ఉన్నిదా, నైలాన్‌దా, మరకలేమైనా ఉన్నాయా, ఇంట్లో జంతువులున్నాయా, ఆస్తమా ఉన్నవాళ్లున్నారా, ఏదీ అడగరు. నేనే “ఒకటి ఉన్ని కార్పెట్ అండీ” అంటే, “ఏదైనా పర్లేదు మేడం, మా మెషీన్ అన్నిటికీ పనిచేస్తుంది” అన్నారు ఒకరు. ఆ మాట వినగానే ఆ పేరు కొట్టేశాను. సింథటిక్‌కి వాడే ఘాటైన క్షార ద్రావణం ఉన్నికి పడదు. ఉన్నికి వాడేది పిహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 8.5 దాటకూడదు. క్లోరిన్ బ్లీచ్ అయితే ఉన్నిని కరిగించేస్తుంది కూడా. అన్నిటికీ ఒకే మందు, ఒకే మెషీన్ అనేవాళ్లకి ఈ తేడా తెలియదు, లేదా తెలిసినా పట్టదు. రెండూ నాకొద్దు.

ఫోన్‌లో నేను అందరినీ ఒకేలా అడిగాను: ఏ పద్ధతిలో చేస్తారు, ఆరడానికి ఎంతసేపు పడుతుంది, పని మొదలుపెట్టే ముందు ఇంటికొచ్చి చూస్తారా? పద్ధతుల్లో పెద్ద తేడాలే ఉన్నాయి. వేడినీళ్లని ఒత్తిడితో పోగుల్లోకి చిమ్మి, వెంటనే మురికితో సహా వెనక్కి లాగేసేది ఒకటి. లోతుగా పేరుకున్న మురికికి ఇది బాగా పనిచేస్తుంది, కానీ నీళ్లు సరిగా లాగకపోతే అడుగుదాకా తడిసిపోతుంది. ఇంకోదాంట్లో కొద్ది తడితో ఒక ద్రావణం చల్లి బ్రష్ చేస్తారు. అది ఆరి పలుకులుగా మారి మురికిని తనలో పట్టేసుకుంటుంది, తర్వాత వ్యాక్యూమ్‌తో లాగేస్తారు. తిరిగే మెత్తటి ప్యాడ్‌తో పైపైన తుడిచే పద్ధతి కూడా ఉంది. అది చూడ్డానికి వెంటనే బాగుంటుంది కానీ మురికి లోపలే ఉండిపోతుంది. పాతకాలం షాంపూ పద్ధతిలో సబ్బు పోగుల్లోనే మిగిలిపోతే ఆ జిడ్డుకి దుమ్ము ఇంకా తొందరగా అంటుకుంటుంది. శుభ్రం చేయించిన కొద్ది వారాలకే కార్పెట్ మళ్లీ మాసిపోయిందని కొందరు బాధపడేది చాలాసార్లు ఇందుకే.

ఆరడం గురించి ఎందుకంత గట్టిగా అడిగానో చెప్తాను. తడిగా ఉండిపోయిన కార్పెట్‌లో 24 నుంచి 48 గంటల్లో బూజు మొదలవుతుంది. దుమ్ము పడని మనిషి ఉన్న ఇంట్లో బూజు కూడా చేరితే, శుభ్రం చేయించినదంతా వృథా. బాగా చేస్తే కొన్ని గంటల్లో ఆరాలి, ఎంత ఆలస్యమైనా ఒక రోజు దాటకూడదు. “రెండు మూడు రోజుల్లో అదే ఆరిపోతుందిలెండి” అన్నవాళ్లతో ఇక మాట్లాడలేదు.

చాలా తక్కువ రేటు చెప్పిన ఒక సంస్థ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ ఎర చాలాచోట్ల కనిపిస్తుంది. రేటు మరీ తక్కువగా ఉందని అనుమానం ఉన్నా, వచ్చి చూడమన్నాను. వచ్చిన అతను పడకగదిలోకి అడుగుపెట్టీ పెట్టకముందే తల అడ్డంగా ఊపాడు. “ఇది చాలా దారుణంగా ఉంది మేడం, మామూలు ప్యాకేజీకి లొంగదు.” ముందు చల్లే స్ప్రేకి వేరే చార్జీ. మరకలకి ఒక్కోదానికి చార్జీ. మంచం జరపడానికి, వాసన పోవడానికి, క్రిముల మందుకి కూడా వేరేవేరే. లెక్క వేస్తే ఫోన్‌లో చెప్పినదానికి కొన్ని రెట్లు తేలింది. ముందుగా ద్రావణం చల్లడం అనేది శుభ్రం చేయడంలో భాగమే, అది లేకుండా వేడినీళ్లు మాత్రమే కొడితే మురికి వదలదు. దానికి విడిగా డబ్బు అడగడమంటే ఫోన్‌లో చెప్పిన రేటుకి అసలు పనే లేదని అర్థం. వద్దని చెప్పి పంపించేశాను. ఇలాంటిచోట మొహమాటపడకూడదు. మనిషి ఇంటికొచ్చాడు కదా, ఎలాగూ సామాను దించాడు కదా అని మనం ఒప్పుకుంటామన్న లెక్క మీదే ఆ వ్యాపారం నడుస్తుంది.

రివ్యూలు కూడా చదివాను. అయిదు నక్షత్రాలవి, ఒక్క నక్షత్రంవి పక్కన పెట్టి మధ్యవి చదివితే ఎక్కువ తెలుస్తుంది. వాటిలో నేను రెండు విషయాలు వెతికాను. పని అయిన రోజు గురించి కాకుండా, కొన్ని వారాల తర్వాత ఎలా ఉందో రాసినవాళ్లు ఏమన్నారు? ఫిర్యాదు చేసినవాళ్లకి సంస్థ ఏం జవాబిచ్చింది? ఒక సంస్థ ప్రతి ఫిర్యాదుకీ కస్టమర్‌దే తప్పని వాదిస్తూ పేజీలు నింపింది. ఇంకో సంస్థ క్లుప్తంగా “మళ్లీ వచ్చి చూస్తాం” అని రాసింది, కింద అదే కస్టమర్ వచ్చి చేశారని రాశారు. ఆ రెండోది నా జాబితాలో ఉండిపోయింది.

సర్టిఫికెట్ల సంగతికొస్తే, ఈ రంగంలో ఎక్కువగా వినపడేది ఐఐసీఆర్‌సీ. 1972లో మొదలైన ఈ సంస్థ కార్పెట్లు శుభ్రం చేయడం మీద శిక్షణ ప్రమాణాలు, పరీక్షలు నిర్వహిస్తుంది. గోడ మీద ఫ్రేము కట్టిన కాగితం చూసి నమ్మక్కర్లేదు. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. నేను ఇంకొకటి కూడా అడిగాను: “మా ఇంటికొచ్చి పనిచేసే మనిషికి ఈ శిక్షణ ఉందా, ఆఫీసులో కూర్చునే ఆయనకా?” ఉన్ని కార్పెట్లకి సంబంధించి ఊల్‌సేఫ్ అనే గుర్తింపు వేరే ఉంది, ఉన్నికి హాని చేయని ద్రావణాలని పరీక్షించి వాళ్లు ఆ ముద్ర ఇస్తారు. ఇవేవీ లేకపోయినా మంచి పనివాళ్లుంటారని నాకు తెలుసు. కానీ కొత్తవాళ్లని ఇంట్లోకి రానిచ్చేటప్పుడు చూసుకోవడానికి ఏదో ఒకటి చేతిలో ఉండటం మంచిది.

చివరికి మేం ఒప్పుకున్న ఆయన గురించి చెప్తాను. ఫోన్‌లో రేటు చెప్పలేదు. “చూడకుండా చెప్తే అబద్ధం చెప్పినట్టవుతుందమ్మా” అన్నారు. వచ్చారు. పెద్ద వయసాయన, కూడా ఒక కుర్రాడు. ఆయన మొదట చేసిన పని మోకాళ్ల మీద కూర్చుని హాల్లో కార్పెట్ మూల పైకెత్తడం. వెనక గుడ్డని రెండు చేతులతో మెల్లగా వంచి చెవి దగ్గర పెట్టుకున్నారు. తర్వాత మడత పెట్టిన చోట నేల మీద వేలితో రాసి నాకు చూపించారు. లేత పసుపు పొడి. “జిగురు ఎండిపోవడం మొదలైంది. దీన్ని తీసుకెళ్లి నానబెట్టి ఉతుకుతామని ఎవరైనా అన్నారా?” అన్నారు. నిజమే, ఒకరు అన్నారు. “వద్దు. ఇక్కడే తక్కువ తడితో చేద్దాం” అన్నారు.

తర్వాత బ్యాగులోంచి తెల్లటి నూలు గుడ్డ తీసి, తను వాడబోయే ద్రావణంలోనే తడిపి, నీలం రంగు మీద కాసేపు అదిమిపెట్టారు. గుడ్డ తెల్లగానే వచ్చింది. ఎరుపు మీద పెట్టి తీస్తే గుడ్డకి పల్చటి గులాబీ ఛాయ అంటింది. ఆ గుడ్డ నా చేతికిచ్చారు. ఎరుపు రంగు దిగే గుణం ఉందని, ఎక్కువ తడిపితే పక్కనున్న తెల్ల పూలలోకి పాకుతుందని, అందుకే కొంచెం ఆమ్ల గుణమున్న ద్రావణంతో చేసి వెంటనే ఆరబెడతామని చెప్పారు. ఇంతకుముందు వచ్చినవాళ్లెవరూ ఈ పరీక్ష చేయలేదు. రంగుల కార్పెట్ ఉన్నవాళ్లెవరైనా నన్ను ఒక్క సలహా అడిగితే, తెల్లగుడ్డ పరీక్ష చేయకుండా ఎవరినీ తడి చేయనివ్వొద్దు అంటాను. ఒకసారి రంగు పాకిందంటే దాన్ని వెనక్కి తీసుకురావడం దాదాపు కుదరదు.

ఇంకు మరకని చూసి, “పల్చబడుతుంది, పూర్తిగా పోతుందని మాటివ్వను” అన్నారు. పడకగదిలో కర్టెన్లు వేయించి నీలిరంగు యూవీ టార్చి వేశారు. కిటికీ మూలలో మాకు వాసన వచ్చే చోటే కాకుండా, బీరువా వెనక కూడా పసుపు పచ్చగా మచ్చలు మెరిశాయి. ఉచ్చ పైపోగులతో ఆగదని, అడుగున పరిచిన మెత్త దాకా దిగుతుందని, దానిలోని లవణాలు గాలిలో తేమని పీల్చుకున్నప్పుడల్లా వాసన తిరిగొస్తుందని వివరించారు. పైన సెంటు వాసన కొడితే అది కప్పిపుచ్చడమే. మూలలో కార్పెట్ లేపి, అడుగున ఆ మేరకు మెత్త కోసి కొత్తది వేసి, పైన ఎంజైమ్ ద్రావణం పట్టించాలన్నారు. నడిచే దారిలో బూడిదరంగు గురించి కూడా ముందే చెప్పారు. కొంత మురికి, అది పోతుంది. మిగిలినది అరుగుదల. చెప్పులతో వచ్చే ఇసుక నలుసులు పోగుల్ని గీరేస్తాయి. గీతలు పడ్డ పోగు మీద వెలుగు చెదిరిపోయి మురికిగానే కనిపిస్తుంది. అది ఏ మెషీన్‌తోనూ రాదు.

మా అత్తగారు ఇదంతా వింటూ కూర్చున్నారు. ఆయన వెళ్లాక, “ఈయన ఏది పోదో కూడా చెప్పాడే, ఈయన్నే పిలువమ్మా” అన్నారు. నా మనసులో ఉన్నదీ అదే. నేను పిలిచి మాట్లాడినవాళ్లందరిలో, డబ్బు తీసుకోకముందే తన చేతకానిది ఏమిటో చెప్పినది ఆయనొక్కరే.

కొటేషన్ రాతలో ఇచ్చారు. ఏ కార్పెట్‌కి ఏ పద్ధతి, ఏ ద్రావణం, ఏయే మరకలు పోకపోవచ్చు, సామాను జరపడం అందులోనే కలిపారా, ఆరడానికి ఎంతసేపు, మరక తిరిగొస్తే ఎన్నాళ్లలోపు ఉచితంగా మళ్లీ వస్తారు, కార్పెట్‌కి నష్టం జరిగితే బాధ్యత ఎవరిది, వాళ్లకి ఇన్సూరెన్స్ ఉందా, అన్నీ ఉన్నాయి. చివరి రెండూ లేకపోతే నేనే రాయించి ఉండేదాన్ని. డబ్బు పనయ్యాకే. డబ్బంతా ముందే అడిగేవాళ్లని నమ్మడం నావల్ల కాదు.

పని జరిగిన రోజు ఎక్కువ సమయం పట్టింది తడి లేని పనికే. కార్పెట్‌లో ఉండే మురికిలో ఎక్కువభాగం పొడి దుమ్మే. దాన్ని ముందే లాగకుండా తడిపితే బురదవుతుంది. కుర్రాడు పడకగదిలో ఒక్కో వరసనీ అటూ ఇటూ పలుమార్లు వ్యాక్యూమ్ చేశాడు. నేను మొన్ననే చేసిన గది అది, అయినా డబ్బా నిండా మెత్తటి బూడిదరంగు దుమ్ము వచ్చింది. మా అత్తగారిని ఆ పూట మా ఆడపడుచు ఇంటికి పంపించాం, ఆ దుమ్ములో ఆవిడ ఉండకూడదని. తర్వాత ద్రావణం చల్లి, బ్రష్ చేసి, పదిహేను నిమిషాలదాకా అలాగే వదిలేశారు. ఆ తర్వాతే వేడినీళ్ల మెషీన్. నీళ్లు కొట్టడం ఒక్కసారి, లాగడం రెండు మూడుసార్లు. గొట్టానికున్న గాజు కిటికీలో నీళ్లు మొదట మట్టిరంగులో పోయి, తర్వాత తేటపడ్డాయి. మంచం కోళ్ల కింద రేకు ముక్కలు పెట్టారు, తడి కార్పెట్‌కి కర్ర రంగు, ఇనుము తుప్పు అంటకుండా. పెద్ద ఫ్యాన్లు రెండు నేలకి ఆనించి పెట్టి వెళ్లారు, రాత్రికల్లా ఆరిపోయింది.

మరకలు పట్టకుండా పైన కొట్టే పూత కావాలా అని ఒక్కసారి అడిగారు. దేనితో చేస్తారన్నాను. అందులోని రసాయనాల వివరాలుండే కాగితం, సేఫ్టీ డేటా షీట్, చూపించారు. ఫ్లోరిన్ రసాయనాలది. పీఫాస్ అని పిలిచే ఈ కుటుంబంలోవి ప్రకృతిలో విచ్ఛిన్నం కావడానికి చాలా చాలా కాలం పడుతుంది. స్కాచ్‌గార్డ్ అనే ఇలాంటి పూత తయారుచేసే త్రీఎమ్ కంపెనీయే ఇందులోని పీఎఫ్‌ఓఎస్ రకాన్ని ఆపేస్తామని 2000లో ప్రకటించింది. నాకొద్దన్నాను. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

కార్పెట్ ఆరిన తర్వాత మంచం పక్కన ఒక గోధుమరంగు మరక మళ్లీ తేలింది. అడుగున దిగిపోయిన మరక, తడి ఆవిరయ్యేటప్పుడు పోగుల వెంట పైకెక్కి కొసల దగ్గర ఆగిపోతుందట. ఇలా జరగొచ్చని కొటేషన్‌లో ముందే రాశారు. ఫోన్ చేస్తే కుర్రాడు వచ్చాడు. ఈసారి కొద్దిగా మాత్రమే తడిపి, పైన పీల్చే గుడ్డలు పేర్చి, బరువు పెట్టి వదిలేశాడు. గుడ్డల్లోకి ఎక్కేసింది. డబ్బు అడగలేదు.

ఇంకు మరక ఆయన చెప్పినట్టే పల్చబడింది, దగ్గరికెళ్తే ఇంకా కనిపిస్తుంది. నడిచే దారి చాలావరకు తెరిపినపడింది. తేమ రోజులు మళ్లీ వచ్చాయి, మూలలో వాసన రాలేదు. మా అత్తగారి తుమ్ములు తగ్గాయి, పూర్తిగా పోలేదు. దిండ్లు, పరుపు సంగతి కూడా చూడమని డాక్టర్ చెప్పారు, ఇప్పుడు ఆ పనిలో ఉన్నాం. చాలామంది తయారీదారులు 12 నుంచి 18 నెలలకోసారి ఇలా చేయించమంటారు. వాడిన ద్రావణాల పేర్లు, ఎరుపు రంగు దిగుతుందన్న సంగతి, జిగురు ఎండుతోందన్న సంగతి బిల్లు వెనక రాసివ్వమని అడిగాను. రాసిచ్చారు. వచ్చేసారి ఆయనే వచ్చినా, ఇంకెవరు వచ్చినా ముందు ఆ కాగితం చూపిస్తాను.